కట్టడములు ఎవరి సొత్తు?

నగరములకు వయస్సు వచ్చినకొలది వాటి వీధులలో రెండు నగరములు కలిసి బ్రతుకుచుండును. ఒకటి తాతముత్తాతలు కట్టి విడిచిపోయినది; రెండవది మనుమలు తమ అవసరములకై కట్టుకొనుచున్నది. ఈ రెండింటికి పొత్తు కుదిరినచోట నగరము నిండుగా కనిపించును. కుదరనిచోట పాతది కూలిపోవును, లేదా క్రొత్తది నిలిచిపోవును. హైదరాబాదు నగరమున గత ముప్పది సంవత్సరములుగా పాత కట్టడములను గూర్చి జరుగుచున్న వివాదములలో పెక్కు ఈ పొత్తు కుదరకపోవుటనుండి పుట్టినవే.

ఏదేని పాత భవనమును పడగొట్టుదురన్న వార్త రాగానే రెండు వాదములు బయలుదేరును. చరిత్ర కడుపు నింపునా, స్థలము కావలెను గదా అని ఒక పక్షమువారందురు. పూర్వుల కీర్తి మట్టిలో కలిసిపోవుచున్నదని రెండవ పక్షమువారు వాపోవుదురు. ఇరువురి మాటలోను కొంత నిజము లేకపోలేదు. కాని ఈ వాగ్వాదమున అసలు ప్రశ్నలు మరుగున పడిపోవుచున్నవి. ఆ కట్టడము ఎవరి సొత్తు? దానిని బాగుచేయవలసినవారెవరు? అందుకగు ధనము ఎక్కడనుండి వచ్చును? అందులోనో, దాని ప్రక్కనో కాపురమున్నవాని గతి యేమి? ఈ నాలుగింటికి సమాధానము దొరకనంతవరకు పురాతన కట్టడములపై ప్రేమ సభలలో ఉపన్యాసముగానే మిగిలిపోవును.

వరద నేర్పిన పాఠము

హైదరాబాదు 1591లో వెలసిన నగరము. గోలకొండ కోటలో జనసమ్మర్దము పెరిగిన పిదప మహమ్మద్ కులీ కుతుబ్ షా మూసీనదికి దక్షిణముగా క్రొత్త నగరమునకు పునాది వేయించెను. నడిమధ్య చార్మినారు, దానినుండి నాలుగు దిక్కులకు నాలుగు రాజబాటలు, బాటల కిరువైపుల అంగళ్ళు - ఇదియే మొదటి నక్ష. అనగా ఈ నగరము ఇష్టము వచ్చినట్లు పెరిగిన పల్లె కాదు. పుట్టుకతోనే ఒక ప్రణాళిక గల పట్టణము.

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీకి వచ్చిన వరద ఆ నగరమును అతలాకుతలము చేసెను. సుమారు 15,000 మంది మరణించిరని అంచనా. నది యొడ్డుననున్న అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కొట్టుకొనిపోయెను. ఆ ఆవరణలోని చింతచెట్టు నెక్కి నూట యేబదిమందికి పైగా ప్రాణములు దక్కించుకొనిరని చెప్పుదురు. ఏటేట సెప్టెంబరు 28న ఆ చెట్టు క్రింద పౌరులు కొందరు గుమిగూడి నాటి మృతులను తలచుకొనుట ఆచారమైనది. కట్టడమే కాదు, ఒక చెట్టు సైతము నగరమునకు స్మారకము కాగలదనుటకు ఇంతకన్న సాక్ష్యము అక్కరలేదు.

వరద తరువాత నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహా పొందినది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తియైనవి. 1912లో నగరాభివృద్ధి సంస్థ యేర్పడి ఇరుకు సందులను తొలగించి, వెడల్పైన బాటలను, గాలి వెలుతురు గల ఇళ్ళను కట్టించెను. విన్సెంట్ ఎష్ అను వాస్తుశిల్పి కాచిగూడ రైల్వేస్టేషనును, హైకోర్టును, సిటీ హైస్కూలును, ఉస్మానియా ఆసుపత్రిని రూపొందించెను. సరిగా ఆ కాలముననే, 1914లో, గులాం యజ్దానీ నాయకత్వమున పురావస్తుశాఖ కూడ ఏర్పడెను.

విద్యార్థులు ఇచట ఒక విషయము గమనింపవలెను. క్రొత్త బాటలు వేయు సంస్థ, పాత కట్టడములను కాపాడు శాఖ - ఈ రెండును ఒకే నగరమున, రెండేండ్ల యెడముతో పుట్టినవి. అభివృద్ధి వేరు, సంరక్షణ వేరు, ఒకదానికొకటి శత్రువులన్న భావము తరువాత వచ్చినది. నేడు ఏ భవనములను కాపాడుమని పౌరులు కోరుచున్నారో, ఆ హైకోర్టు, ఆ ఆసుపత్రి, నాడు అభివృద్ధి పేర వెలసిన క్రొత్త కట్టడములే. నేటి క్రొత్తది రేపటి పాత యగును. కనుక కట్టువాడును కాపాడువాడే కావలెను.

గీతకు లోపల, గీతకు వెలుపల

పురాతన కట్టడములను కాపాడుటకు భారతదేశమున 1904లో ఒక శాసనము వచ్చినది. స్వాతంత్ర్యానంతరము 1958లో వచ్చిన శాసనము నేటికిని ఆధారము. దాని క్రింద కేంద్రప్రభుత్వ సంరక్షణలోనున్న కట్టడములు దేశమంతట మూడువేల ఆరువందలకు పైగా గలవు. 2010లో ఈ శాసనమును సవరించి, సంరక్షిత కట్టడము చుట్టు 100 మీటర్ల మేర క్రొత్త నిర్మాణములను నిషేధించిరి. అటుపై మరి 200 మీటర్ల మేర అనుమతి లేనిదే కట్టరాదనిరి.

ఈ గీత వలన మేలు కలిగినమాట నిజము. కాని గీత గీసిన శాసనము గీతకు లోపలిదానినే చూచును. చార్మినారునకు రక్షణ కలదు. చార్మినారునకు అర్థము కల్పించు అంగళ్ళకు, దేవిడీలకు, సందులకు ఆ రక్షణ లేదు. దీవివలె ఒక్క కట్టడము మిగిలి, దాని చుట్టునున్న బస్తీ యంతయు మారిపోయినచో అది చరిత్ర యనిపించుకొనదు. ప్రదర్శనశాలలోని బొమ్మ యనిపించుకొనును.

ఈ కొరతను తీర్చుటకే పట్టణ ప్రణాళికలోనే పాత కట్టడములకు చోటు కల్పింపవలెనను ఆలోచన పుట్టినది. దేశమున ఇట్టి నిబంధనలను 1995లో మొదట బొంబాయి చేసికొనెను. అదే సంవత్సరము డిసెంబరులో హైదరాబాదు రెండవది యయ్యెను. ఇచటి జోనింగు నిబంధనలలో అది పదమూడవది. కాపాడదగిన భవనముల జాబితా నొకటి ప్రకటించుట, వాటిని పడగొట్టవలెనన్నను మార్చవలెనన్నను ముందుగా అనుమతి పొందవలెననుట, సలహాకు నిపుణుల సంఘము నేర్పరచుట - ఇదియే దాని సారాంశము. రాజమందిరములు మొదలుకొని బజారులవరకు నూటయేబది వరకు కట్టడములు ఆ జాబితాలో చేరినవి. వీటితోపాటు నగర పరిసరములందలి తొమ్మిది శిలాసమూహములు కూడ చేరుట విశేషము. సుమారు 250 కోట్ల సంవత్సరముల వయస్సు గల ఆ నల్లరాతి గుండ్లను సైతము వారసత్వముగా నెంచిన నగరములు అరుదు. మనుష్యుడు కట్టినదానిని కాపాడుట ఒక యెత్తు. మనుష్యుడు పుట్టకమునుపటి దానిని కాపాడుట మరియొక యెత్తు.

అయితే జాబితా యనునది వైద్యుని చీటీ వంటిది. చీటీ గోడకు తగిలించినంత మాత్రమున రోగము కుదరదు. జాబితాలో చేరిన భవనములకు మరమ్మతు జరుగవలెనన్న ధనము, పనివాడు, యజమాని ఇష్టము - మూడును కావలెను. ఈ మూడింటిని సమకూర్చు యేర్పాటు బలపడకమునుపే 2015 డిసెంబరులో ప్రభుత్వము ఆ పదమూడవ నిబంధననే తొలగించెను. 2017లో తెలంగాణ వారసత్వ శాసనము వచ్చినది. పాత కంచె తీసి క్రొత్త కంచె వేయు ఆ సంధికాలమున చేను ఎవరి కాపుదలలో నున్నదను ప్రశ్న మిగిలినది. ఆ ప్రశ్నకు సమాధానము న్యాయస్థానమున వెదకవలసి వచ్చినది.

ఎర్రమంజిల్, సైఫాబాదు

పంజాగుట్ట సమీపమున గుట్టపైనున్న ఎర్రమంజిల్ భవనమును 1870 ప్రాంతమున నవాబు ఫక్రుల్ ముల్క్ కట్టించెను. పారసీ భాషలో 'ఇరమ్' అనగా స్వర్గతుల్యమైన తోట. ఆ గుట్టను తెలుగువారు ఎర్రగడ్డ యని పిలుచుచుండుటచే రెండు భాషలకు సరిపోవునట్లు ఆ పేరు పెట్టిరని చెప్పుదురు. ఆ భవనమునకే కాదు, దాని పేరునకు కూడ రెండు జాతుల చెలిమి పునాది యైనదన్నమాట.

2019 జూన్ మాసమున ఆ చోట క్రొత్త శాసనసభా భవనము కట్టవలెనని ప్రభుత్వము నిర్ణయించి శంకుస్థాపన కూడ జరిపెను. పౌరులు హైకోర్టు నాశ్రయించిరి. సంబంధిత నిబంధనలను పరిగణింపక చేసిన నిర్ణయము చెల్లదని 2019 సెప్టెంబరు 16న హైకోర్టు తీర్పు చెప్పెను. భవనము నిలిచినది.

మరుసటి సంవత్సరము జూలైలో హుస్సేన్‌సాగరు ప్రక్కనున్న పాత సచివాలయమును పడగొట్టినప్పుడు, 1888 నాటి సైఫాబాదు ప్యాలెస్ భవనము కూడ ఆ శిథిలములలో కలిసిపోయెను. ఏడాది తిరుగకమునుపే ఒకే నగరమున ఒక పాత భవనము దక్కినది, ఒకటి పోయినది. ఏ పాత భవనము నిలుచునో ఏది కూలునో ముందుగా తెలుపగల స్థిరమైన పద్ధతి లేకపోవుటయే ఇచటి లోపము. రక్షింపవలసిన ప్రభుత్వమే పడగొట్టు పక్షమైనప్పుడు కంచె చేను మేసినట్లగును. అట్టి సమయమున వాదవివాదములు విని తీర్పు చెప్పుటకు ప్రభుత్వమునకు వెలుపల నిలిచిన నిపుణుల సంఘము ఒకటి, ప్రజలకు తెలియునట్లు ప్రకటించిన జాబితా ఒకటి అత్యావశ్యకములు. ప్రతి భవనమునకు ఒక వ్యాజ్యము వేయవలసి వచ్చుట నగరపాలన యనిపించుకొనదు.

ఉస్మానియా ఆసుపత్రి కథలో రెండవ పక్షపు న్యాయము కూడ కనబడును. అది బీదసాదలకు దిక్కైన ఆసుపత్రి. పైకప్పు పెచ్చులూడుచున్న గదులలో రోగులను ఉంచవలసినదని ఏ చరిత్రాభిమానియు కోరరాదు. 2015లో పాత భవనమును పడగొట్టి అక్కడనే అంతస్తుల భవనము కట్టు ప్రతిపాదన వచ్చినది, నిరసనలు చెలరేగినవి. వాదన తెమలకమునుపే 2020 జూలైలో వాననీరు వార్డులలోనికి వచ్చినది. పాత భవనమును ఖాళీ చేయించి మూసివేసిరి. తుదకు 2025 జనవరి 31న గోషామహలు మైదానమున క్రొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగినది. క్రొత్త చోట కట్టుటతో, రోగికి పడక కావలెనన్న పాత గోడ కూలవలసినదే యను అగత్యము తొలగినది. ఈ మార్గము మొదటనే తట్టినచో పది సంవత్సరముల కాలము వృథా కాకుండెడిది. రోగులా, రాళ్ళా యని అడుగుట తప్పు ప్రశ్న. తప్పు ప్రశ్నకు ఒప్పు జవాబు ఎన్నటికిని దొరకదు.

సున్నము చెప్పు నీతి

2019 మే మాసపు తొలి దినములలో చార్మినారు మినారు నొకదాని నుండి గచ్చు పెల్ల యొకటి ఊడి క్రింద పడినది. నాలుగువందల ఏండ్ల గచ్చు ఊడుటలో వింత లేదు. దానిని తిరిగి పెట్టగల చేతులు ఎన్ని మిగిలినవన్నదే విచారింపదగిన సంగతి.

పాతకాలపు కట్టడములకు ప్రాణము డంగుసున్నము. సున్నపురాతిని బట్టీలో కాల్చి, నీటితో చల్లార్చి, ఇసుక కలిపి గానుగలో పోసి, ఎద్దులచేత రాతిచక్రమును త్రిప్పించి మెత్తగా నూరుదురు. బెల్లపు నీళ్ళు, కరక్కాయ రసము, మారేడు గుజ్జు, కోడిగ్రుడ్డు సొన - ఊరినిబట్టి, పనినిబట్టి ఇందులో కొన్నింటిని చేర్చుదురు. ఇట్లు సిద్ధమైన సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగా పీల్చుకొని మరల రాయిగా మారును. రాయి సున్నమగుట, సున్నము రాయి యగుట - ఈ చక్రమును పదవతరగతి రసాయనశాస్త్రము చదివిన పిల్లవాడు సులభముగా గ్రహింపగలడు.

సున్నపు గోడకు ఊపిరి కలదు. వానకు తడిసినను ఆ తేమ మరల బయటికి పోవును. అట్టి గోడకు సిమెంటు పూసినచో తేమ లోపలనే చిక్కుకొనును. ఉప్పులు పేరుకొని పూతను పగులగొట్టును. రాయి కూడ పొరలుగా రాలును. బాగుచేయబోయి చెరుపుచేయుట యనగా ఇదియే. గోలకొండ చెంతనున్న కుతుబ్‌షాహీ సమాధులపై ఇరువదవ శతాబ్దిలో పూసిన సిమెంటు పూతలను తొలగించి మరల సున్నపు గచ్చు పెట్టవలసి వచ్చినది. ఆగాఖాన్ సాంస్కృతిక సంస్థ, రాష్ట్ర పురావస్తుశాఖ కలిసి 2013లో ఆ పని కుపక్రమించినవి. 106 ఎకరముల ఆవరణలోని నూరునకు పైగా కట్టడములను బాగుచేయుటకు పదునొకండేండ్లు పట్టెను. 2024 జూలైలో ఆ పని ముగింపునకు వచ్చెను. 2013 వానలకు కూలిన బడీబావలీ యను మెట్లబావిని తిరిగి నిలబెట్టిరి. గోలకొండ మెట్లబావుల ఉద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారము లభించినది. అదే యేడు కామారెడ్డి జిల్లాలోని దోమకొండ కోటకు కూడ ఆ పురస్కారములలో చోటు దక్కినది.

ఇందలి నీతి స్పష్టము. రాయి కాదు, విద్య అసలు వారసత్వము. ఎన్ని కోట్లు మంజూరు చేసినను, గచ్చు నూరు మేస్త్రీ, రాయి చెక్కు కాసె, దూలమునకు తొలిచి అతుకు వేయు వడ్రంగి లేనినాడు ఆ కోట్లు సిమెంటుగా మారి గోడలకెక్కును. కనుక నగరప్రణాళికలో భవనముల జాబితా ప్రక్కన పనివారల జాబితా కూడ ఉండవలెను. వృత్తివిద్యా పాఠశాలలలో సున్నపు పనిని ఒక పాఠముగా నేర్పవలెను. సున్నపు పని తెలిసినవానికి ఏడాది పొడుగున పని దొరకునట్లు చేసినప్పుడే అతని కొడుకు ఆ విద్య నేర్చును.

తెలుగుదేశము సున్నమును గూర్చి మరియొక చేదు పాఠము కూడ ఎరుగును. అమరావతి మహాచైత్యపు శిల్పములు చెక్కిన పలకలు సున్నపురాళ్ళు. పదునెనిమిదవ శతాబ్ది చివర కర్నల్ మెకంజీ వాటిని చూచునప్పటికే క్రొత్త కట్టడములకై ఆ దిబ్బను త్రవ్వుచుండిరి. ఎన్నియో పలకలు బట్టీలో పడి సున్నమైపోయినవి. మిగిలినవాటిలో పెక్కు లండను, మద్రాసు ప్రదర్శనశాలలకు చేరినవి. ఆనాడు వాటిని కాల్చినవారు దుర్మార్గులు కారు. వారికి సున్నము కావలసివచ్చినది, అంతే. తెలియనివాని చేతిలో శిల్పమునకును సున్నపురాతికిని భేదము లేదు.

దీనికి ఎదురుగా నాగార్జునకొండను నిలిపి చూడవలెను. ఆనకట్ట వలన లోయ మునిగిపోవునని ముందుగా తెలిసినది. 1954 మొదలు 1960 వరకు లోయనంతయు శోధించి, త్రవ్వి, ముఖ్య కట్టడములను కొన్నింటిని కొండపైకిని, అనుపునకును తరలించి మరల నిలిపిరి. ఆనకట్టయు లేచినది, బౌద్ధ శిల్పములును దక్కినవి. పోయినది పోగా ఇంత మిగులుటకు కారణము ఒక్కటే: యోచన ముందు, పార తరువాత. నేడు పాతబస్తీకి మెట్రో మార్గము వేయుటకైనను, మూసీ తీరమును మార్చుటకైనను పాటింపవలసిన వరుస ఇదియే.

ఇంటివాని గోడు

'ఇల్లు కట్టి చూడు' అన్న సామెత చెప్పినవారు, కట్టిన ఇంటిని మూడు తరములు నిలుపుట యెంత కష్టమో చెప్పలేదు. పాతబస్తీలో పెద్ద దేవిడీకి నేటి యజమాని యనగా తరచు పదిమంది వారసులు. పైకప్పు కారును, బాగుచేయుటకు ఒకరికి శక్తి యున్న మరియొకరికి ఇష్టముండదు. ఆ స్థలములో అంతస్తులు లేపినచో ఎంత వచ్చునో గుత్తేదారు లెక్కవేసి చూపును. అట్టివానితో నీ ఇల్లు జాతిసంపద, ముట్టుకొనరాదని చెప్పి నగరపాలకులు చేతులు దులుపుకొనినచో అతడు ఊరక వాన కొరకు ఎదురుచూచును. గోడను తాను కూల్చనక్కరలేదు, వానయే కూల్చిపెట్టును.

ఓరుగల్లు కోట ప్రాకారముల నడుమ తరతరములుగా కాపురమున్న కుటుంబములు గలవు. చుట్టును కాకతీయుల శిథిలములు, వాటి చుట్టు నూరు మీటర్ల గీత. కొడుకు పెండ్లికి ఒక గది వేసికొనవలెనన్నను చిక్కే. ఈ జనులు లేకపోయినచో కోట బాగుండునని తలచుట అన్యాయము. మనుష్యులున్నందువలననే కోట ఊరుగా మిగిలినది. నియమము అవసరమే, కాని ఎంత ఎత్తు, ఏ రంగు, ఏ సామగ్రి యను వివరములతో ఇది చేయవచ్చును, ఇది చేయరాదని తెలుగులో తేటగా వ్రాసి ఇంటింటికి అందింపవలెను. కాదు అనుట సులభము. ఎట్లు చేయవలెనో చెప్పుట పాలన.

అహమ్మదాబాదు ఈ విషయమున కొంత దారి చూపినది. ఆ నగరమున 'పోల్' అను పాత వాడలలో చెక్కపని గల ఇళ్ళు వేలకొలది గలవు. అవి సామాన్య కుటుంబముల ఇళ్ళు. 1997 నవంబరు 19న అచట వారసత్వ పాదయాత్ర మొదలైనది. వచ్చినవారికి వాడలను త్రిప్పి చూపుటచే వాడవారికే తమ ఇంటిపై గౌరవము పెరిగినది. పాత ఇంటిని నిలుపుకొనువాడు తాను కట్టదగియు కట్టని అంతస్తుల హక్కును నగరములో వేరొకచోట కట్టువానికి అమ్ముకొనవచ్చును. ఆ సొమ్ముతో ఇల్లు బాగుచేసికొనవచ్చును. 2017లో ఆ నగరము యునెస్కో ప్రపంచ వారసత్వ నగరమైనది. భారతదేశమున ఆ గౌరవము పొందిన మొదటి నగరమదియే.

హైదరాబాదులో రోడ్డు వెడల్పునకు స్థలమిచ్చినవారికి ఇట్టి హక్కుపత్రములిచ్చు పద్ధతి వాడుకలో నున్నది. రోడ్డుకొరకు గోడ వదులుకొన్నవానికి ప్రతిఫలమున్నప్పుడు, నగరముకొరకు గోడ నిలుపుకొన్నవానికి కూడ అంత సులభముగా ప్రతిఫలము చేతికి రావలెను. ఆస్తిపన్నులో తగ్గింపు, మరమ్మతునకు తక్కువ వడ్డీ అప్పు, ఉచితముగా ఇంజనీరు సలహా - ఈ మూడు తోడైనచో పాత ఇల్లు భారము కాక ఆస్తియగును.

ఇక్కడ అంగడివానిని మరువరాదు. లాడ్‌బజారు అనగా భవనముల వరుస మాత్రమే కాదు. లక్కను కరిగించి, గాజుగా చుట్టి, అద్దపు రవ్వలు పొదుగు పనివారి బ్రతుకు. హైదరాబాదు లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. ముఖద్వారములకు సున్నము వేసి, దీపములు పెట్టి, అద్దెలు పెంచి ఆ పనివారిని వెళ్ళగొట్టినచో మిగులునది తొడుగుమాత్రమే.

బావిలో నీరు, బడిలో కైఫీయతు

ప్రభుత్వ పథకములు వచ్చును, పోవును. 2015లో కేంద్రము ప్రారంభించిన వారసత్వ నగరముల పథకమున దేశమందలి పండ్రెండు పట్టణములు చేరినవి. అందు అమరావతి, వరంగల్లు ఉండెను. 2019 మార్చితో ఆ పథకము ముగిసినది. పథకము ముగిసిన మరునాటినుండి వేసిన మొక్కకు నీరుపోయువారెవరు? ఆ ప్రశ్నకు జవాబు ఆ వీధివారే.

సికింద్రాబాదులోని బన్సీలాల్‌పేట మెట్లబావి దశాబ్దములు చెత్తతో నిండి, బావి యన్న గుర్తు సైతము మాసిపోయియుండెను. నగరపాలక సంస్థ, స్వచ్ఛంద సంస్థలు, బస్తీజనులు కలిసి లారీలకొలది మట్టిని, చెత్తను తీసివేసిరి. మెట్లు బయటపడినవి, ఊట తిరిగి వచ్చినది. 2022 డిసెంబరులో దానిని ప్రజలకు తెరచిరి. రాజమందిరమును చూచి ఆశ్చర్యపడుదురు. బావిని చూచి తమదనుకొందురు. నీరున్నంతవరకు ఆ బావిలో చెత్తవేయు చేతిని ప్రక్కింటివారే పట్టుకొందురు. పది శాసనములు చేయలేని పని అది.

రాజ్యాంగములోని 51ఏ అధికరణము ఈ దేశపు మిశ్రమ సంస్కృతీ వారసత్వమును గౌరవించి కాపాడుట పౌరుని ప్రాథమిక విధి యని చెప్పుచున్నది. విద్యార్థులు ఆ వాక్యమును పరీక్షకై కంఠస్థము చేయుదురు. దానిని ఆచరణలో పెట్టుటకు బడియే మొదటి చోటు. ఇందుకు తెలుగువారి చరిత్రలోనే చక్కని ఒరవడి కలదు. కర్నల్ మెకంజీ కొరకు కావలి బొర్రయ్య, లక్ష్మయ్య మున్నగువారు ఊరూర తిరిగి, కరణములను పెద్దలను అడిగి, గుడి, చెరువు, కోట, వంశము - వీటి వృత్తాంతములను వ్రాయించిరి. వాటికే కైఫీయతులని పేరు. ఇరువది తరముల రాజుల పేర్లు చెప్పు శాసనములు చెప్పని సంగతులు ఆ కాగితములు చెప్పుచున్నవి.

నేటి ఉపాధ్యాయుడు తన తరగతిచేత తమ వీధికి కైఫీయతు వ్రాయింపవచ్చును. పిల్లలు నలుగురైదుగురుగా విడిపోయి, ఒక్కొక్క జట్టు ఒక్కొక్క పాత కట్టడమును ఎన్నుకొనవలెను. దాని కొలతలు తీసి, ద్వారబంధమును, చూరును బొమ్మ గీయవలెను. ఎవరు కట్టించిరి, ఎప్పుడు బాగుచేసిరి, ఇప్పుడెవరుందురు అను సంగతులను ముసలివారి నడిగి వ్రాయవలెను. విన్నదానిని విన్నట్లును, చూచినదానిని చూచినట్లును వేరుగా వ్రాయుట నేర్పవలెను. చరిత్రకారునికి మొదటి పాఠము అదియే. గణితము, చిత్రలేఖనము, తెలుగు వ్యాసము, సాంఘికశాస్త్రము - నాలుగు పాఠములు ఒక్క గోడ దగ్గర జరుగును. ప్రతియేట ఆ పుస్తకము పై తరగతినుండి క్రింది తరగతికి అందవలెను.

ఇది పిల్లల ఆటగా తోచవచ్చును. కాని ఏ నగరమునందైనను కాపాడదగిన కట్టడముల జాబితా తయారగునప్పుడు మొదట అడుగునది ఆధారము. ఎవరును వ్రాయని భవనము జాబితాకెక్కదు. జాబితాకెక్కని భవనమునకు న్యాయస్థానమున సాక్షి యుండడు. పెద్ద భవనములకు చరిత్రకారులు దొరకుదురు. సందులోని మసీదు, వీధి చివరి మండపము, పాత బడి, బావి, రావిచెట్టు క్రింది అరుగు - వీటి తరపున చెప్పుటకు ఆ వీధి పిల్లలే దిక్కు.

కట్టడములు ఎవరి సొత్తు అన్న ప్రశ్నకు శాసనము ఒక జవాబు చెప్పును, దస్తావేజు మరియొక జవాబు చెప్పును. వాటిలో నివసించువానికి హక్కు కలదు. వాటిని నిలుపు పనివానికి కూలి రావలెను. పాలకునకు వాటిని అమ్ముటకో కూల్చుటకో కాక కాచుటకు అధికారమియ్యబడినది. రాబోవు తరమువారు మాత్రము ఇంకను వచ్చి అడుగలేరు. వారి తరపున అడుగవలసినవారు నేడు బడిలో కూర్చుండియున్నారు. వారిచేత తమ వీధిని ఒక్కమారు శ్రద్ధగా చూపింపగలిగిన ఉపాధ్యాయుడు, ఏ శాసనమును చేయకయే నగరమునకు గొప్ప మేలు చేసినవాడగును.